హమ్మింగ్ పక్షియు, మన తేనెపిట్టయు

కృష్ణపట్నములో, కండలేరు సముద్రమున కలియు చోటికి కొంత ఎడముగా, మా ఇంటి పెరటిలో ఒక మందారపు చెట్టు ఉండెడిది. నేను ఉన్నత పాఠశాలలో చదువుచున్న కాలమున ఒకనాటి ఉదయము ఆ చెట్టు దగ్గర బొటనవ్రేలికన్న కొంచెము పెద్దదైన పిట్ట నొకదానిని చూచితిని. అది పువ్వు ముందర గాలిలో ఒక్క క్షణము నిలిచి, వంకర ముక్కును పువ్వులో దూర్చి, తళుక్కున మెరసి మాయమయ్యెను. అంతకుముందే ఒక పుస్తకములో హమ్మింగ్ పక్షి బొమ్మను చూచియుండుటచే నేను సందేహింపక, నోటు పుస్తకములో 'మా పెరటిలో హమ్మింగ్ పక్షి' అని తేదీతో సహా వ్రాసికొంటిని. మరునాడు గర్వముతో దానిని మా సైన్సు మాష్టారికి చూపితిని.

ఆయన కోప్పడలేదు, నవ్వనూ లేదు. "తేనె తాగేటప్పుడు దాని కాళ్ళెక్కడున్నాయిరా?" అని మాత్రము అడిగిరి.

నేను చూడలేదు. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు తెచ్చుటకై మరల చెట్టు దగ్గరకు పోయిన నాటినుండి నాకు పిట్టలను చూచు అలవాటు పట్టుకొన్నది. కాళ్ళను గూర్చిన ఆ చిన్న ప్రశ్నలో ఎంత శాస్త్రము ఇమిడియున్నదో పాఠకులకు చెప్పుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

హమ్మింగ్ పక్షులు నేడు అమెరికా ఖండములలో మాత్రమే కలవు. ఉత్తరమున అలాస్కా మొదలు దక్షిణ అమెరికా కొన వరకు 360కి పైగా జాతులు వ్యాపించియున్నవి. క్యూబా దీవిలోని ఒక జాతి పక్షులన్నిటిలోను మిక్కిలి చిన్నది. దాని పొడవు ఐదారు సెంటీమీటర్లు, బరువు సుమారు రెండు గ్రాములు. మన దేశములో ఈ కుటుంబమునకు చెందిన జాతి ఒక్కటియు లేదు. కావున నేను చూచినది హమ్మింగ్ పక్షి అగుటకు వీలులేదు. అది తేనెపిట్ట. దీనిని ఇంగ్లీషులో సన్‌బర్డ్ అందురు. తేనెపిట్టల కుటుంబము ఆఫ్రికా నుండి దక్షిణాసియా మీదుగా ఆస్ట్రేలియా వరకు వ్యాపించియున్నది.

మన తీరములో సులభముగా కనబడునవి రెండు జాతులు. మొదటిదాని మగపిట్టకు వీపు ముదురు ఎరుపు, నడితల ఆకుపచ్చని మెరుపు, గొంతు ఊదా, పొట్ట పసుపు. రెండవదాని మగపిట్ట జతకట్టు కాలములో ఒడలంతయు నీలి ఊదా మెరుపుతో దూరమునకు నల్లగా కనబడును. ఆ కాలము గడచిన పిమ్మట దాని మెరుపు ఈకలు చాలవరకు రాలి, గొంతునుండి పొట్టవరకు ఒక నల్లని చార మాత్రము మిగులును. రెండింటిలోను ఆడపిట్టలు పైన మాసిన గోధుమవన్నెతోను, క్రింద పసుపుతోను ఉండును. సాలెగూటి దారములతో ఎండుటాకులను, బెరడు తునకలను కూర్చి, రెమ్మ చివర వ్రేలాడు సంచివంటి గూటిని కట్టునది ఆడపిట్టయే. చూచువారికి అది గాలికి కొట్టుకొనివచ్చి చిక్కుకొన్న చెత్తవలె తోచును. పిట్టకు కావలసినదియు అదియే!

ఇక కాళ్ళ సంగతి. హమ్మింగ్ పక్షి కాళ్ళు మిక్కిలి చిన్నవి, బలహీనమైనవి. వాటితో రెమ్మను పట్టుకొని కూర్చుండగలదే గాని నడువలేదు. తేనె త్రాగునప్పుడు సాధారణముగా అది దేనిమీదను వాలక గాలిలోనే నిలుచును. ఈ పని ఎట్లు సాధ్యమగుచున్నది? తక్కిన పక్షులు రెక్కను క్రిందికి కొట్టినప్పుడే గాలి వాటిని పైకెత్తును. రెక్క పైకి మరలునప్పుడు ఆ సహాయము దాదాపు ఉండదు. హమ్మింగ్ పక్షి భుజముకీలు వద్ద రెక్క తిరుగబడగలదు. కనుక అది రెక్కను ముందుకును వెనుకకును త్రిప్పి, గాలిలో ఎనిమిది అంకెను అడ్డముగా వ్రాసినట్లు ఆడించును. మన కండలేటిలో నిలువున తేలుచు అరచేతులను ఇటునటు త్రిప్పు ఈతగానిని తలచుకొన్నచో ఈ విషయము బోధపడును. 2005లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, పక్షి బరువులో సుమారు నూటికి 75 పాళ్ళు క్రింది దెబ్బయు, 25 పాళ్ళు పై దెబ్బయు మోయుచున్నవని తేలినది. చిన్న జాతులలో రెక్క సెకనుకు 80 సార్ల వరకు కూడ ఆడును. ఆ రెక్కల రొదనుబట్టియే దానికి ఆ పేరు వచ్చినది.

ఈ విద్యకు చెల్లింపవలసిన వెల ఎక్కువ. పెద్ద పనిలో ఉన్నప్పుడు దాని గుండె నిమిషమునకు 1,200 సార్లకు పైగా కొట్టుకొన్న సందర్భములు కలవు. పగలంతయు త్రాగుచుండిన గాని ఆ కొలిమి చల్లారక నిలువదు. మరి రాత్రి ఎట్లు గడచును? అనేక జాతులు రాత్రివేళ గుండెను మందగింపజేసి, ఒడలి వేడిని తగ్గించుకొని, మొద్దునిద్రలో పడియుండును. పెరూ దేశపు ఆండీస్ పర్వతములలో ఒక జాతి పక్షి ఒంటి వేడి ఆ నిద్రలో 3.3 డిగ్రీల సెంటిగ్రేడు వరకు దిగినట్లు 2020లో శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. ఉదయము కండరములను వణికించుకొని అది మరల వేడెక్కును.

మా మందారపు చెట్టు దగ్గర నేను రెండవసారి చూచినదేమి? పిట్ట పువ్వు ప్రక్కనున్న కాడను రెండు కాళ్ళతో గట్టిగా పట్టుకొని, తలను వంచి త్రాగుచున్నది! గాలిలో నిలుచుట దానికి తెలియనిది కాదు. వాలుటకు చోటు దొరకనప్పుడు కొన్ని క్షణములు రెక్కలాడించి నిలువగలదు. నేను మొదటిరోజు చూచినది ఆ కొన్ని క్షణములనే. కాని అది దానికి అప్పటికప్పటి ఉపాయము, నిత్యకృత్యము కాదు. మరియొక చమత్కారము కూడ కనబడినది. పువ్వు పెద్దదైనప్పుడు పిట్ట దాని ముఖద్వారమున పోక, అడుగున ముక్కుతో రంధ్రము చేసి తేనెను దొంగిలించును. అట్టి సమయమున పుప్పొడి దానికి అంటదు. పువ్వునకు లాభము లేదు.

అయితే అన్ని పువ్వుల దగ్గరను తేనెపిట్ట దొంగ కాదు. మామిడిచెట్లపై పెరుగు బదనికను చూడుడు. దాని గొట్టమువంటి పువ్వులు తేనెపిట్టలవంటి పక్షుల మూలముననే ముఖ్యముగా పరాగసంపర్కము పొందును. దక్షిణ ఆఫ్రికాలోని ఒక మొక్క, ఎలుకతోకవంటి ఒట్టి కాడ నొకదానిని నిలిపి ఉంచును. ఆ కాడకు పువ్వులు పూయవు. అది తేనెపిట్ట వాలుటకు ఏర్పడిన పీట! పక్షి కాళ్ళు ఎట్టివో అట్టి ఏర్పాటు పువ్వులోను కనబడుచున్నది. అమెరికాలో హమ్మింగ్ పక్షులు వచ్చు పువ్వులు పెక్కు ఏ ఆసరాయు లేక బయటికి వ్రేలాడుచుండును.

ఇంత భేదమున్నను ఈ రెండు పక్షులు ఒకదానినొకటి ఏల పోలియున్నవి? రెండును చిన్నవి, రెండింటికిని సన్నని పొడుగు ముక్కు, పొడవైన నాలుక, మెరయు ఈకలు. చుట్టరికము వలన వచ్చిన పోలిక కాదిది. ఒకే విధమైన జీవనోపాధి వేరువేరు వంశముల జీవులను లక్షల సంవత్సరములలో ఒకే రూపమునకు మలచుటను అభిసారి పరిణామము అందురు. సొరచేపయు డాల్ఫినును మన జాలరులకు తెలిసినవే. రెండును కదురు ఆకారముతో, వీపుపై రెక్కతో ఉండును. కాని సొర చేప. డాల్ఫిన్ పిల్లలకు పాలిచ్చు జంతువు.

ఈకల మెరుపునే తీసికొందము. రెండు పక్షులలోను అది రంగు వలన కాక, సబ్బు బుడగపైని రంగులవలె, సన్నని పొరలపై వెలుగు ప్రతిఫలించుట వలన ఏర్పడును. అందుచేతనే నీడలో పిట్ట నల్లగా ఉండి, ఎండకు తిరిగినంతనే భగ్గుమనును. కాని సూక్ష్మదర్శినితో చూచినచో హమ్మింగ్ పక్షి ఈకలలోని నల్లని పలకలలో గాలి గదులు ఉండును. తేనెపిట్ట ఈకలలోనివి గట్టివి. ఇల్లు ఒకేవిధముగా కనబడినను, గోడ కట్టిన పద్ధతి వేరన్నమాట.

అట్లయిన హమ్మింగ్ పక్షికి నిజమైన చుట్టము మన ఊళ్ళో ఎవరు? మందారము వద్ద వెదకవలదు. తలయెత్తి తాటిచెట్టు వైపు చూడుడు. సాయంకాలము తాటితోపుపై కొడవలివంటి రెక్కలతో చుట్టుచుట్టి తిరుగుచు, ఎగురుచునే పురుగులను పట్టు చిన్న బూడిదవన్నె పిట్ట, ఇంగ్లీషువారు పామ్ స్విఫ్ట్ అనునది, హమ్మింగ్ పక్షికి దగ్గర బంధువు. రంగులో గాని ముక్కులో గాని పోలిక లేదు. కాని రెండింటికిని కాళ్ళు చిన్నవి; రెండింటికిని రెక్కలో భుజపుటెముక పొట్టిగాను, చేతి ఎముకలు పొడుగుగాను ఉండును. అణువంశిక పరీక్షలును ఈ బంధుత్వమునే ధ్రువపరచినవి. తేనెపిట్టయో, కాకి పిచ్చుకలున్న పెద్ద గణమునకు చెందినది. మా మాష్టారు ముక్కును గాని రంగును గాని అడుగక కాళ్ళను అడుగుటలోని మర్మము ఇదియే. ఉపాధిని బట్టి మారు అవయవము మోసపుచ్చవచ్చును.

ఇట్టి పొరపాటు నా ఒక్కనిదే కాదు. 1848 నుండి 1859 వరకు అమెజాన్ అడవులలో తిరిగిన హెన్రీ వాల్టర్ బేట్స్ అంతటివాడు హమ్మింగ్ పక్షి అనుకొని పలుమారులు హాక్‌మాత్ అను రెక్కల పురుగును తుపాకితో కొట్టినట్లు తానే వ్రాసికొన్నాడు. ఆ పురుగుల జాతివి మన పెరళ్ళలోను సందెవేళ పువ్వుల ముందు గాలిలో నిలిచి తేనె త్రాగుచుండును.

లండనులో జాన్ గూల్డ్ అను పక్షిశాస్త్రజ్ఞునకు హమ్మింగ్ పక్షులన్న ప్రాణము. 1851లో ఆయన తాను సేకరించిన ఆ పక్షుల కళేబరములను అందముగా అమర్చి అక్కడి జంతుప్రదర్శనశాలలో చూపగా జనము విరగబడి వచ్చిరి. ఆయన 1849లోనే వీటిపై గొప్ప చిత్రగ్రంథమును ఆరంభించెను. అయినను ఎగురుచున్న హమ్మింగ్ పక్షిని ఆయన మొట్టమొదట చూచినది 1857లో, అమెరికాకు వెళ్ళినప్పుడే!

దాదాపు ఆ కాలముననే మన నెల్లూరులో వేరొక ఔత్సాహికుడుండెను. థామస్ జెర్డన్ వృత్తిచే వైద్యుడు. 1840 తరువాత కొన్ని సంవత్సరములు నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసెను. తీరిక వేళల యానాదులనడిగి పక్షుల పేర్లను, అలవాట్లను తెలిసికొనెను. 1862–64లో వెలువడిన ఆయన 'భారతదేశపు పక్షులు' అను గ్రంథములో తెలుగు పేర్లు కూడ చోటుచేసికొన్నవి. ఆయన పేరిట ప్రసిద్ధమైన కలివికోడి అంతరించినదని లోకము తలచియుండగా, 1986లో కడప జిల్లాలో మరల కనబడెను. దానిని మొదట పట్టి చూపినవాడు అక్కడి వేటగాడే. చుట్టునున్న దానిని ఎరిగిన కన్నులకు శాస్త్రములో ఎంత విలువ కలదో దీనినిబట్టి గ్రహింపవచ్చును.

ఉపాధ్యాయులకు ఒక సూచన. బడి ఆవరణలో మందారమో, అరటియో, మునగయో పూసియున్నచో విద్యార్థులను పది అడుగుల దూరములో కదలక కూర్చుండబెట్టుడు. వచ్చిన ప్రాణికి కాళ్ళు రెండా, ఆరా? త్రాగునప్పుడు కాళ్ళు ఎక్కడున్నవి? ముక్కును పువ్వు ముఖమున దూర్చినదా, అడుగున పొడిచినదా? ఎంతసేపున్నది? ఈ నాలుగు ప్రశ్నలకు చూచినదానిని మాత్రమే వ్రాయవలయును. పేరును చివర వ్రాయవలయును. గూడు కనబడినచో చేయి తగిలింపక దూరమునుండియే చూడవలయును.

నా పాత నోటు పుస్తకము ఇప్పటికిని నావద్ద కలదు. తప్పైన ఆ మొదటి పంక్తిని నేను కొట్టివేయలేదు. దాని క్రింద రెండవనాటి తేదీ వేసి, 'కాళ్ళు కాడమీద ఉన్నవి' అని వ్రాసితిని. నేను పక్షులను గూర్చి నిజముగా చూచి వ్రాసిన మొదటి మాట అది.