రంగు, రుచి, వాసన చెప్పని సంగతి

వుజూ నీటికి రంగు, రుచి, వాసన మారాయేమోనని చూడటం మన ఇళ్ళలో పిల్లలకూ తెలుసు. తాగునీటికి ఆ మూడు గుర్తులూ చాలవు. నీటిలో కలిసిన ఫ్లోరైడు ఆ మూడింటిలో దేనికీ చిక్కదు.

2016లో వేరుపడిన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల అడుగున ఒకే రాయి లేదు. భూపాలపల్లి బొగ్గుగనుల వైపు ఇసుకరాయి, జనగామలో గ్రానైటు. గ్రానైటులోని కొన్ని ఖనిజాల నుంచి ఫ్లోరైడు నెమ్మదిగా నీటిలోకి దిగుతుంది. లోతైన బోరులో నీరు రాతితో చాలాకాలం కలిసి ఉంటుంది. అందుకే పొరుగింటి బావి ఫలితం మన బావికి వర్తించదు.

భారతీయ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము. మరో నీటివసతి లేకుంటే 1.5. అది మించిన నీరు ఏళ్ళ తరబడి తాగితే పిల్లల పళ్ళపై మచ్చలు, పెద్దల ఎముకల్లో బిగువు. నల్గొండ ఆ బాధను తరాలుగా అనుభవించింది. నైట్రేటుకు హద్దు 45. పెంటకుప్ప, మరుగుగుంట దాపున ఉన్న బావి నీటితో సీసాపాలు కలపడం పసికందుకు ప్రమాదం.

మరిగిస్తే సరిపోతుందని మన తల్లులు నమ్ముతారు. క్రిములు చస్తాయి, నిజమే. ఫ్లోరైడు మాత్రం నీరు ఇగిరేకొద్దీ చిక్కనవుతుంది.

భగీరథ నల్లా రాని రోజున బోరు నీరే తాగే ఇళ్ళు ఆ నీటిని పరీక్ష చేయించుకోవాలి. బోరును కొన్ని నిమిషాలు వదిలి, అదే నీటితో శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను తొలిచి, నింపి, గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలకు పంపాలి. వేసవిలో ఒకసారి, వానల తర్వాత మరోసారి.