అక్కడే ఎందుకు? అప్పుడే ఎందుకు?

ఎం.ఏ. సోషియాలజీ పిల్లలకు చారిత్రక సమాజశాస్త్రం చెప్పేటప్పుడు ముందుగా నిజాం కాలపు హైదరాబాద్ సంస్థానం పటం బల్ల మీద పరుస్తాను. మొత్తం 16 జిల్లాలు. 8 తెలంగాణవి, 5 మరాఠ్వాడావి, 3 కన్నడ ప్రాంతానివి. పాలకుడు ఒక్కడే. మరి 1946లో మొదలైన రైతాంగ పోరాటం నల్లగొండ, వరంగల్ జిల్లాల్లో రాజుకున్నంతగా మిగతాచోట్ల ఎందుకు రాజుకోలేదు?

వెట్టి చాకిరీ భరించలేక తిరగబడ్డారని వెంటనే ఎవరో అంటారు. నిజమే. కానీ వెట్టి తెలంగాణ అంతటా ఉంది కదా! అదొక్కటే కారణమైతే అంతటా ఒకేలా తిరగబడి ఉండాలి. దేశ్‌ముఖ్‌లనే పెద్ద భూస్వాముల చేతిలోని వేల ఎకరాలని ఒకరు, యుద్ధకాలంలో సర్కారు బలవంతంగా వసూలు చేసిన లెవీ ధాన్యమని మరొకరు, ఊళ్లలో ఆంధ్రమహాసభ పెట్టిన సంఘాలని ఇంకొకరు చెబుతారు. పొరుగునే ఉన్న కృష్ణా జిల్లా కమ్యూనిస్టుల అండ కూడా చర్చకు వస్తుంది. ఒక్కో కారణం ఉన్నచోట ఏం జరిగింది, లేనిచోట ఏం జరిగింది అని పోల్చి తేల్చుకోవడమే ఈ చదువు. 1946 జూలై 4న కడవెండిలో సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య దొర మనుషుల కాల్పుల్లో నేలకొరిగాడని చరిత్ర పుస్తకాలు చెబుతాయి. ఒక ఊళ్లో జరిగిన చావు అన్ని ఊళ్లను కదిలించేందుకు ముందే ఏయే ఏర్పాట్లు జరిగి ఉన్నాయన్నది మా వెతుకులాట.

పోలిక పద్ధతికి పేరు తెచ్చినవారిలో అమెరికన్ పండితుడు బారింగ్టన్ మూర్ ఒకరు. కొన్ని దేశాలు ప్రజాస్వామ్యంలోకి, కొన్ని నియంతృత్వంలోకి ఎందుకు వెళ్లాయో 1966 నాటి గ్రంథంలో ఆయన భూస్వామికీ రైతుకూ ఉన్న సంబంధంలో వెతికారు. భారత రైతు పెద్దగా తిరగబడలేదనీ, కులవ్యవస్థ అందుకు ఒక కారణమనీ అన్నారు. మన సమాజశాస్త్రవేత్త డి.ఎన్. ధనగరే ఆ మాటను ప్రశ్నించారు. 1920-50 మధ్య మన దేశంలో జరిగిన రైతు ఉద్యమాలపై 1983లో వచ్చిన ఆయన పుస్తకం తెలంగాణను లోతుగా పరిశీలించింది. కూలీలు, పేద రైతులతో పాటు భూమి ఉన్న రైతులూ కలిసి నడవడం, తర్వాత ఆ పొత్తు చెదిరిపోవడం అందులో చూస్తాం.

1979లో థీడా స్కాచ్‌పోల్ ఫ్రాన్స్, రష్యా, చైనా విప్లవాలను పోల్చారు. జనం కడుపుమంట ఒక్కటే చాలదు, పైనున్న రాజ్యం కూడా బలహీనపడాలి అన్నది ఆమె వాదనలో కీలకం. ఆ వాదనతో మన పటం వైపు చూడండి. 1947-48లో నిజాం భారత యూనియన్‌లో చేరకుండా ఊగిసలాడుతుండగా, నిజాం పక్షాన నిలిచిన సాయుధ దళమైన రజాకార్ల దాడుల మధ్యనే ఊళ్లలోని సంఘాలు భూములు పంచాయి. 1948 సెప్టెంబరులో యూనియన్ సైన్యం దిగాక రాజ్యం మళ్లీ గట్టిపడింది. పోరాటం అడవుల్లోకి జరిగింది. 1951 అక్టోబరులో కమ్యూనిస్టులు దాన్ని విరమించారు.

వాదనలు తెలిస్తే సరిపోదు, ఆధారాలు చదవాలి. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు పారశీక, ఉర్దూ దస్తావేజులున్నాయి. అందుకే మా పిల్లలను ఉర్దూ నేర్చుకోమని పోరుతుంటాను. అయితే సర్కారు కాగితాల్లో రైతు ఎక్కువగా శిస్తు కట్టాల్సినవాడిగానో, అలజడి చేసేవాడిగానో కనిపిస్తాడు. స్త్రీ అయితే కనిపించడమే అరుదు. కాబట్టి స్త్రీశక్తి సంఘటన 1986లో అచ్చువేసిన ‘మనకు తెలియని మన చరిత్ర’ను పక్కన పెట్టుకుని చదవమంటాను. పోరాటంలో ఉన్న ఆడవాళ్లు తమ నోటితో చెప్పిన జీవితాలవి. ఏ ఫైలు చదివినా దొరకని భయం, ధైర్యం, పోరాటం ఆగాక మిగిలిన వెలితి అందులో ఉన్నాయి.

ఈ చదువుతో ఏం వస్తుందని తల్లిదండ్రులు అడుగుతుంటారు. బోధన, పరిశోధన, పత్రికారంగం, సివిల్స్ పరీక్షలు ఉన్నాయని చెబుతాను. వాటన్నిటికన్నా నాకు విలువైనది ఇంకొకటుంది. ‘మన దగ్గర ఎప్పుడూ ఇంతే’ అన్న మాటను ఈ చదువు ఒప్పుకోనివ్వదు. దొర కోటలాంటి ఇల్లు, గడీ కూడా ఒకప్పుడు శాశ్వతమనే అనిపించింది. ఏయే కారణాలు కలిసి దాన్ని కదిలించాయో తెలుసుకున్న విద్యార్థి, ఇవాళ తన ఊళ్లోని అసమానత దేని మీద నిలబడి ఉందో వెతకగలుగుతుంది. అలా వెతికేవాళ్లు ప్రతి ఊరి నుంచీ రావాలని నా కోరిక.