చెఱసాలలో చరిత్రపాఠము

పాఠశాలకును చెఱసాలకును పొత్తు కుదురునా యని చదువరులు శంకింపవచ్చును. మొదటిదానికి బిడ్డలను చేయి పట్టుకొని తీసికొనిపోవుదుము. రెండవదాని పేరు చెప్పి వారిని బెదరింతుము. అయినను గడచిన కొన్ని దశాబ్దములుగా ఇంగ్లండు, అమెరికా మొదలగు దేశములలో కొందఱు ఉపాధ్యాయులును, చిత్రకారులును, రచయితలును చెఱసాలల లోనికి పోయి, ఖైదీల సరసను కూర్చుండి, యూదుల మారణహోమ చరిత్రమును బోధించుచున్నారు. పాఠము వినినవారిచేత బొమ్మలు వేయించుచున్నారు; పద్యములును దినచర్యలును వ్రాయించుచున్నారు. దొంగతనమునకో, కొట్లాటకో, హత్యకో శిక్ష ననుభవించుచున్నవానికి ఎనుబది యేండ్లనాటి పరదేశపు దుఃఖగాథ యెందులకు? ఈ ప్రశ్నకు నాకు తోచిన సమాధానమును విన్నవించుకొనుచున్నాను.

ముందుగా చరిత్రమును క్లుప్తముగా చెప్పెదను. పై తరగతుల విద్యార్థులు దీనిని చదివియే యుందురు. 1933వ సంవత్సరము జనవరి 30వ తేదీన హిట్లరు జర్మనీదేశపు ఛాన్సలరు పదవిని పొందెను. నాటినుండి యూదులను ఉద్యోగములనుండియు, పాఠశాలలనుండియు, తుదకు ఉద్యానవనములలోని బల్లలమీదినుండియు తొలగించుచు వచ్చిరి. 1935లో వారి పౌరత్వమును చట్టముచేతనే హరించిరి. 1941 మొదలు 1945 వఱకు వారిని కాల్చియు, విషవాయువు పెట్టియు, ఆకలిచే మాడ్చియు చంపిరి. ఇట్లు మడిసినవారు సుమారు 60 లక్షలమంది. అందు రమారమి 15 లక్షలమంది పిల్లలు. దీనినే హోలోకాస్టు అనుచున్నారు. ఇది యెవరో కొందఱు ఉన్మాదులు చేసిన పని కాదు. గుమాస్తాలు, రైలు ఉద్యోగులు, పోలీసులు, వైద్యులు, న్యాయాధిపతులు దినదినమును కార్యాలయమునకు పోయి, జీతము తీసికొని చేసిన పని. చెఱసాలలో చెప్పెడి పాఠమునకు ఈ చివరిమాటయే మూలము.

“ఖైదీలకు చేతిపని నేర్పిన చాలదా? ఈ చరిత్రలు చెప్పకున్న నష్టమేమి?” అని మా మిత్రుడొకడు నన్నడిగెను. చెఱసాలలో మనము పాఠము చెప్పకున్నను అక్కడ పాఠములు జరుగుచునే యుండును. చెప్పువారు వేఱుగా నుందురు, అంతియే. హిట్లరే యిందులకు నిదర్శనము. ప్రభుత్వమును కూలద్రోయ యత్నించిన నేరమునకు 1924వ సంవత్సరమున ఆతనిని లాండ్స్‌బర్గు కోటలో బంధించిరి. అక్కడ తీరికగా కూర్చుండి, తన ద్వేషమునంతటిని గ్రంథముగా కూర్చెను. అయిదేండ్ల శిక్ష పొందినవాడు ఆ సంవత్సరము డిసెంబరులోనే విడుదలయయ్యెను. మరుసటి యేట ఆ గ్రంథము మొదటి సంపుటము అచ్చయ్యెను. అమెరికాలో కాలిఫోర్నియారాష్ట్రమందలి సాన్ క్వెంటిన్ చెఱసాలలో 1964 ప్రాంతమున కొందఱు తెల్లజాతి ఖైదీలు, ఇతర జాతులవారిపై కక్షతో, ఆర్యసోదరత్వ మను పేర నొక ముఠాను కట్టిరి. నాజీల గుర్తులనే పచ్చబొట్లుగా పొడిపించుకొనిరి. ఆ ముఠా పిమ్మట పెక్కు చెఱసాలలకు ప్రాకెను.

ఆశ్చర్య మేమనగా, రెండేండ్లకు, అనగా 1966లో, ఆ సాన్ క్వెంటిను చెఱసాలకే ఒక యూదవైద్యుడు ఉపన్యాసమియ్య వచ్చెను. ఆయన పేరు విక్టర్ ఫ్రాంక్ల్, వియన్నానగర వాసి, మనోవ్యాధుల వైద్యుడు. నాజీలు ఆయనను 1942 మొదలు 1945 వఱకు నాలుగు శిబిరములలో బంధించిరి. తండ్రి, తల్లి, అన్నదమ్ముడు, భార్య అందఱును శిబిరములలోనే మరణించిరి. ఇట్టివాడు నేరస్థులయెదుట నిలిచి యేమి చెప్పెను? అయ్యో పాపమనలేదు, సమాజమే మిమ్ము చెఱిచినదనియు అనలేదు. మీరును నావంటి మనుష్యులే గనుక తప్పుచేయుటకు మీకు స్వేచ్ఛ యుండెను, ఆ తప్పును దాటి పైకి లేచుట యిప్పుడు మీ బాధ్యత, అను భావమును చెప్పెను. జాలి పడువారిని, దూషించువారిని ఖైదీలు చాలమందినే చూచియుందురు. తమ్ము పూర్ణమానవులుగా నెంచి బాధ్యత యడిగినవారు వారికి అరుదు. పాఠము చెప్పువారి కిది గొప్ప సూత్రమని నా యభిప్రాయము. మన తరగతిగదులకును వర్తించును.

ఇక ఇటీవలి కార్యక్రమములలో మిక్కిలి ప్రసిద్ధమైనది ఆన్ ఫ్రాంక్ ప్రదర్శనము. ఆ బాలిక కథను మన విద్యార్థులు చాలమంది యెఱుగుదురు. 1929లో ఫ్రాంక్‌ఫర్టులో పుట్టినది, ఆమ్‌స్టర్‌డాములో పెరిగినది. పదుమూడవ పుట్టినదినమున దినచర్యపుస్తకము బహుమానముగా వచ్చినది. 1942 జులై 6వ తేదీనుండి 1944 ఆగస్టు 4వ తేదీవఱకు, తండ్రి వ్యాపారశాల వెనుకభాగమున, మొత్తము ఎనమండుగురు దాగియుండిరి. పగటివేళ క్రింద పనివారుండగా అడుగులచప్పుడైనను వినబడరాదు. తుదకు పట్టుబడిరి. ఆన్ 1945 ప్రారంభమున బెర్గెన్-బెల్సెన్ శిబిరములో మరణించెను. ఎనమండుగురిలో మిగిలినవాడు తండ్రి యొక్కడే. ఆయన ఆ దినచర్యను 1947లో ప్రకటించెను.

ఈ చరిత్రమును తెలుపు చిత్రఫలకముల ప్రదర్శన మొకటి దేశదేశములు తిరుగుచున్నది. ఫలకములలో ఆ కుటుంబపు ఛాయాపటములును, వాని ప్రక్కనే ఆ కాలపు రాజకీయసంఘటనల పటములును ఉండును. ఇంటిలోని పుట్టినరోజు ఒకవైపు, వీథిలోని ఊరేగింపు ఒకవైపు. ఇంగ్లండులో ఆన్ ఫ్రాంకు పేరనున్న ధర్మసంస్థ దీనిని పెక్కు చెఱసాలలలో నెలకొల్పినది. అందలి విశేష మిది: చూడవచ్చినవారికి ఫలకములను వివరించువారు బయటినుండి వచ్చిన పండితులు కారు, ఖైదీలే. కొందఱిని ముందుగా ఎన్నుకొని, చరిత్రమును నేర్పి, ప్రశ్నలకు బదులు చెప్పుట అలవాటు చేయింతురు. తరువాత వారు తోడి ఖైదీలకును, కావలివారికిని ఒక్కొక్క ఫలకమును చూపి చెప్పుదురు. ఖైదీకి నీతి చెప్పువారికి కొఱత లేదు. అతనిని ఉపాధ్యాయుని చేసినవారు తక్కువ. తాను చెప్పవలసివచ్చినపుడు గదా పాఠము మనకు నిజముగా బోధపడును! సంవత్సరము పొడుగున విని మఱచిన లెక్కను తమ్మునికి నేర్పబోయి తానే నేర్చుకొనిన విద్యార్థులు మన బడిలోను కలరు.

చెఱసాలలో ఈ పుస్తకమునకుగల శక్తిని గూర్చి ఒక మహాపురుషుని సాక్ష్యము కలదు. దక్షిణాఫ్రికాదేశమున నెల్సన్ మండేలా ఇరువదియేడు సంవత్సరములు బందీగా నుండెను; అందు పదునెనిమిది యేండ్లు రాబెన్ ద్వీపమున గడపెను. 1994లో, రాష్ట్రపతియైన యేడే, జొహాన్నెస్‌బర్గులో ఈ ప్రదర్శనమును ప్రారంభించుచు, ఆ ద్వీపమున తామును ఈ దినచర్యను చదివితిమనియు, అందుండి ధైర్యమును పొందితిమనియు చెప్పెను.

ఇచ్చట నొక చిక్కు కలదు. మండేలా న్యాయముకొఱకు బందీయైనవాడు. ఆన్ యే నేరమును చేయని బాలిక. సామాన్యఖైదీ యట్లు కాడు. అతని చేతిలో నష్టపడినవారు ఊరిలో నున్నారు. మూసిన గది, తెరువరాని కిటికీ, లెక్కపెట్టుకొను దినములు, వీనిని చదువగానే “నేనును ఆమెవంటివాడనే” యని అతనికి తోచుట సహజము. బోధకుడు ఆ పోలికను మొదట త్రోసివేయకూడదు, ఏలయనగా అదియే అతడు లోనికి ప్రవేశించు ద్వారము. కాని ఆ ద్వారముననే నిలిచిపోనీయరాదు. ఆమె గది తలుపు మూసినది న్యాయస్థానము కాదు, భయము. ఈ భేదము చెప్పని పాఠము ఖైదీని తన కన్నీటిలోనే ముంచునుగాని మేలుచేయదు.

కనుక బాధితుల కథతోపాటు బాధించినవారి కథయు చెప్పవలెను. నా మట్టుకు నాకు చెఱసాలకు మిక్కిలి తగినదిగా తోచునది 101వ పోలీసు పటాలపు వృత్తాంతము. వారు హాంబర్గునగరపు నడివయసు గృహస్థులు, బిడ్డల తండ్రులు. 1942 జులై 13వ తేదీ తెల్లవాఱుజామున పోలండులోని యూజెఫూవ్ అను గ్రామమున వారిని నిలువబెట్టి, అక్కడి యూదులను స్త్రీ బాల వృద్ధులతోకూడ కాల్చవలెనని మేజరు ట్రాప్ ఆజ్ఞ చెప్పెను. చెప్పి, వయసుమీరినవారిలో ఎవరికైన నిది చేయ మనసొప్పనిచో ముందుకు రావచ్చుననియు చెప్పెను. దాదాపు 500 మందిలో మొదట తుపాకి నప్పగించినవారు పండ్రెండుగురు మాత్రమే. వారికి శిక్ష యేమియు కలుగలేదు. తక్కినవారిలో కొందఱు మధ్యలో తప్పుకొనిరి. పెక్కుమంది సాయంకాలమువఱకు కాల్చిరి. ఆ దినమున సుమారు 1,500 మంది చనిపోయిరి. అమెరికా చరిత్రకారుడు క్రిస్టఫర్ బ్రౌనింగ్ 1992లో ప్రకటించిన గ్రంథమున దీనిని వివరించెను. ముఠాతో కలిసి, “అందఱును చేసిరి, నేనును చేసితిని” అని తనకు తాను చెప్పుకొనిన మనుష్యునకు ఈ వృత్తాంతము ఎవరును విప్పిచెప్ప నక్కఱలేదు.

ఈ పాఠము వినిన ప్రతివాడును మారునని నేను చెప్పను. నేరమువలన నష్టపడిన కుటుంబములవారు, “మా బిడ్డను పోగొట్టినవానికి బొమ్మలును పాటలునా?” యని కోపగించిన నది న్యాయమే. వారికి నేను చెప్పగల దొక్కటియే: ఖైదీలలో అధికసంఖ్యాకులు ఏనాటికైనను విడుదలయై మన వీథికే వత్తురు.

ఇక చిత్రలేఖనము, రచన మొదలగువాని మాట. మన తెలుగువారికి చెఱసాలలో కళ క్రొత్త కాదు. గోలకొండ చెఱలో రామదాసు కీర్తనలు పుట్టెను. ఉన్నవ లక్ష్మీనారాయణగారు మాలపల్లిని కారాగారముననే రచించిరి. ఇంగ్లండులో దీనికొక వ్యవస్థ కల్పించినవాడు ఆర్థర్ కోస్లర్ అను రచయిత. బుడాపెస్టునగరపు యూదకుటుంబమున 1905లో జన్మించెను. స్పెయినుదేశపు అంతర్యుద్ధములో 1937న పట్టుబడి, ఏ క్షణమున తన్ను కాల్తురో యని సెవిల్‌లోని ఖైదుగదిలో నెలలు గడపెను. ప్రక్కగదులవారిని రాత్రులందు కొనిపోవుట ఆలకించెను. తరువాత ఫ్రాన్సులో నిర్బంధశిబిరమును, ఇంగ్లండులో పెంటన్‌విల్ చెఱసాలయును కూడ చవిచూచెను. ఖైదీకి ఆకలికన్న ఘోరమైనది మనస్సు మొద్దువాఱుట యని అనుభవమున నెఱిగినవాడగుటచే, 1962లో ఖైదీల చిత్రములకును, రచనలకును, సంగీతమునకును ఏటేట బహుమానము లిచ్చు పద్ధతిని నెలకొల్పెను. ఆయన 1983లో గతించినను ఆ పోటీ నిలిచినది.

అయినను ఈ పనికి మూలస్థానము వెదకవలెనన్న మరల నాజీల కాలమునకే, చెకోస్లొవేకియాలోని టెరెజిన్ అను కోటపట్టణమునకు పోవలెను. అచటికి దాదాపు 1,40,000 మంది యూదులను తోలిరి. సుమారు 33,000 మంది అక్కడనే ఆకలితెగుళ్లచే చనిపోయిరి. 88,000 మందిని తూర్పుననున్న మృత్యుశిబిరములకు పంపిరి. ఆ పట్టణమునకు 1942 డిసెంబరులో ఫ్రీడెల్ డికర్-బ్రాండైస్ అను చిత్రకారిణి వచ్చెను. ఈ కథను నేను తరగతిలో చెప్పుచుండగా చిన్నవాడొకడు లేచి, “అయ్యా, ఆ పిల్లలకు రంగులెవరిచ్చిరి?” అని యడిగెను. మంచి ప్రశ్న. ఒక్కొక్కరు యాబది కిలోల సామానుమాత్రమే తెచ్చుకొనవచ్చునని యాజ్ఞ. ఆమె తన బట్టలను తగ్గించుకొని కాగితములు, రంగులు మూటగట్టుకొని వచ్చెను. అవి చాలనపుడు కచేరీలోని పాత ఫారముల వెనుకవైపున పిల్లలు బొమ్మలు వేసిరి. చింపిన కాగితపు ముక్కలతో చిత్రములు కూర్చిరి. ఆమె వారిచే ఆకలిని వేయించలేదు. ఇల్లు, పూలకుండ, బల్లమీది దీపము, సీతాకోకచిలుక, వారికి జ్ఞాపకమున్న దానినెల్ల వేయనిచ్చెను.

ఆ పట్టణముననే, మునుపు పాఠశాలగా నుండిన యొక భవనములో, పదుమూడు పదునాలుగేండ్ల బాలురు వెడెమ్ అను పత్రికను నడపిరి. చెకు భాషలో దాని కర్థము ‘మేము నడపుదుము’ అని. సంపాదకుడు పెటర్ గింజ్, పదునాలుగేండ్లవాడు. అచ్చుయంత్రము లేదు. ఉన్న ప్రతి యొక్కటియే. శుక్రవారము సాయంకాలమున దానిని అందఱికి చదివి వినిపించెడివారు. సంవత్సరమున కొకసారి మన పత్రికను తెచ్చుటకే మేము పడుపాట్లు విద్యార్థు లెఱుగుదురు; ఆ బాలురు రెండేండ్లకు లోపల సుమారు 800 పుటలు నింపిరి. పెటరును 1944లో ఆష్విట్జునకు పంపి చంపిరి. మిగిలిన బాలుడొకడు పుటలను భూమిలో పాతిపెట్టి యుద్ధానంతరము వెలికి తీసెను.

దీనిని విని టెరెజినును మంచిచోటనుకొనరాదు. 1944 జూన్ 23వ తేదీన రెడ్‌క్రాసువారు తనిఖీకి రాగా నాజీలు గోడలకు రంగు పూసి, పిల్లల సంగీతనాటకమును చూపి, వారిని మోసగించిరి. చెఱసాలలో గోడమీది బొమ్మలను చూచి అధికారులను మెచ్చుకొనువారు ఈ సంగతిని మఱవకుందురుగాక.

ఫ్రీడెల్ భర్తను 1944 శరత్కాలమున ఆష్విట్జు రైలెక్కించిరి. ఆమె తానుగా పేరిచ్చి తరువాతి రైలులో పోయెను. ఆ అక్టోబరు 9వ తేదీన ఆమెను చంపిరి, భర్త బ్రదికెను. పోవుటకుముందు ఆమె పిల్లల చిత్రములను, సుమారు 4,500 లను, రెండు పెట్టెలలో పెట్టి దాచిపోయెను. అవి యిప్పుడు ప్రాగునగరములోని యూదుల సంగ్రహాలయమున నున్నవి. శిబిరములో మనిషికి అంకె యుండెను. ఆమె తరగతిలో మాత్రము ప్రతి బిడ్డయు తన బొమ్మమీద తన పేరు వ్రాయవలెనని నియమము. అందుచేతనే అవి యెవరు వేసినవో నేడును చదువ వీలగుచున్నది.