బొమ్మకంటే ముందు పుట్టిన అంకె

ఎమ్మారై అనగానే నలుపు తెలుపుల మెదడు బొమ్మ గుర్తొస్తుంది. కానీ ఈ యంత్రం కథ బొమ్మతో కాదు, అంకెతో మొదలైంది. ఆ అంకె ఎలుక కణజాలం నుంచి వచ్చింది.

అయస్కాంత క్షేత్రంలోని హైడ్రోజన్ కేంద్రకాలు తగిన రేడియో తరంగానికి స్పందిస్తాయని 1946లో ఫెలిక్స్ బ్లాక్, ఎడ్వర్డ్ పర్సెల్ విడివిడిగా చూపారు. తరంగం ఆగాక అవి మళ్లీ కుదురుకోవడానికి పట్టే సమయాలే టి1, టి2. ఎలుకల కణితుల్లో ఈ సమయాలు మామూలు కణజాలంలో కంటే ఎక్కువని 1971లో రేమండ్ డమేడియన్ ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. అదే ఏడాది పెన్సిల్వేనియాలోని న్యూ కెన్సింగ్టన్‌లో, జాన్స్ హాప్కిన్స్ నుంచి వచ్చిన ఒక పరిశోధకుడు అలాంటి కొలతలనే మళ్లీ చేస్తుంటే పాల్ లాటర్‌బర్ చూశారు. ఎలుకను చంపి ముక్క కోయాల్సి రావడం ఆయనకు నచ్చలేదు. కోయకుండానే సంకేతం ఎక్కణ్నుంచి వస్తోందో కనుక్కోలేమా? 1973లో ఆయన అచ్చువేసిన తొలి చిత్రం ఆ ప్రశ్నకు జవాబు. ఒకరి కొలత నిజమేనా అని మరొకరు సరిచూస్తుండగా పుట్టిన యంత్రమిది. నాకు ఈ కథలో అన్నిటికంటే విలువైన సంగతి ఇదే.

తర్వాత ఆసుపత్రుల్లో బొమ్మే రాజ్యమేలింది. డాక్టరుకు ఒకచోటికీ మరోచోటికీ తేడా కనిపిస్తే చాలు, ఆ తెలుపుకు కొలమానం అక్కర్లేదు. పరిశోధకులకు అలా కుదరదు. మందు వేసిన ఎలుక మెదడు నెల తర్వాత ఎంత మారిందో చెప్పాలంటే అంకె కావాలి, ఆ అంకె నమ్మదగినదై ఉండాలి.

చిట్టెలుక మెదడు నానబెట్టిన శనగగింజంత, అర గ్రాముకు లోపే. మనిషి మెదడును ఒక మిల్లీమీటరు ఘనాలుగా చూస్తే, దీన్ని 0.1 మిల్లీమీటరు ఘనాలుగా చూడాలి. అప్పుడు ఒక్కో ఘనం నుంచి వచ్చే సంకేతం వెయ్యో వంతుకు పడిపోతుంది. ఆ లోటు పూడ్చడానికే 7, 9.4 టెస్లాల బలమైన అయస్కాంతాలు వాడతారు. అయితే క్షేత్రం పెరిగితే టి1 కూడా పెరుగుతుంది కాబట్టి, వేర్వేరు అయస్కాంతాలు వాడే రెండు ల్యాబుల అంకెలను నేరుగా పోల్చలేం.

అయస్కాంతం కంటే పెద్ద చిక్కు ఎలుకే. కదలకుండా ఉండాలని మత్తు ఇస్తారు. మత్తులో ఒళ్లు చల్లబడుతుంది, చిన్న ప్రాణికి మరీ త్వరగా. ఎమ్మారైతో కొలిచే నీటి అణువుల వ్యాపన వేగం ఒక్క డిగ్రీకి సుమారు 2 శాతం మారుతుంది. మూడు డిగ్రీలు తగ్గితే చాలు, ఆ తేడాను మందు ప్రభావమని పొరబడవచ్చు. అందుకే గోరువెచ్చని నీటి పరుపు, ఉష్ణోగ్రత చూసే తీగ తప్పనిసరి. మత్తుకు వాడే ఐసోఫ్లురేన్ రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. పీల్చే వాయువు కూడా లెక్కలోకి వస్తుంది. అది మారితే చిత్రమే మారిపోతుందని 1990లో సేజి ఒగావా బృందం చూపింది ఎలుక మెదడులోనే.

యంత్రాన్ని పరీక్షించడం తేలిక. సున్నా డిగ్రీల దగ్గర నీటి వ్యాపన విలువ తెలిసిందే కాబట్టి, మంచునీటి గొట్టం పెట్టి చూస్తే యంత్రం ఎంత తప్పు చెబుతోందో బయటపడుతుంది. ఎలుక విషయంలోనైతే అదే ఎలుకను వారం తర్వాత మళ్లీ స్కాన్ చేయాలి. ఇక్కడొక మెలిక ఉంది. ల్యాబు చిట్టెలుకలు తరతరాల అంతఃప్రజననంతో దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి. కొలత చక్కగా తిరిగి వచ్చినా, ఒక ఎలుకను మరోదాని నుంచి వేరు చేసే శక్తి దానికి తక్కువే అనిపిస్తుంది. అందుకే కొలత ఎంత దగ్గరగా తిరిగి వస్తోందో, ఎలుకల మధ్య తేడా ఎంత పట్టగలదో రెండూ విడిగా చెప్పాలి.

ఇది గణాంకాల పట్టింపు కాదు. కొలతల చెదురు రెట్టింపైతే, 10 ఎలుకలతో తేలాల్సిన తేడాకు 40 కావాలి. వాడే జంతువుల సంఖ్య తగ్గించాలని రసెల్, బర్చ్ అనే శాస్త్రవేత్తలు 1959లోనే రాశారు. చంపకుండా ఒకే ఎలుకను పదేపదే చూపే ఎమ్మారై అందుకు సరైన సాధనం, అంకె నిలకడగా ఉంటేనే.

అందుకోసం ల్యాబులు ఇప్పుడు చేతులు కలిపాయి. 46 కేంద్రాల నుంచి సేకరించిన 65 ఎలుక స్కాన్ల సంపుటాలను పరిశీలించి, 2023లో ‘స్టాండర్డ్‌ర్యాట్’ అనే ఉమ్మడి పద్ధతిని ప్రకటించారు. కొద్దిపాటి ఐసోఫ్లురేన్‌కు మెడెటోమిడిన్ కలిపిన మత్తుతో దాన్ని 20 కేంద్రాల్లో పరీక్షిస్తే, ఎవరికి వారు చేసిన పాత స్కాన్ల కంటే మెదడు భాగాల మధ్య అనుసంధానం నమ్మదగ్గ రీతిలో కనిపించింది.