జీవో నెంబరు ఒక్కటి తెలిస్తే చాలదు
(యూనివర్సిటీ లైబ్రరీలో ప్రభుత్వ ప్రచురణలు వెదకడం ఎట్లా?)



మేము ముగ్గురం మన ఆలూరు హాస్టల్లోనే ఉండి పదో తరగతి దాకా చదువుకున్నవాళ్లం. తర్వాత ఉస్మానియా యూనివర్సిటీలో పీజీ చేశాం. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ సారు అడిగితే, మాకు యూనివర్సిటీలో కొంచెం ఆలస్యంగా తెలిసిన ఒక సంగతిని మీకు ముందుగానే చెప్పాలనుకున్నాం. అదే ప్రభుత్వం అచ్చువేసే కాగితాలను వెదికి పట్టుకోవడం.

ఇది మాకు ఎట్లా అవసరం పడిందో ముందు చెబుతాం. 2023 ఎండాకాలంలో మాలో ఒకరి ఇంటికి భూముల మధ్యవర్తి ఒకాయన వచ్చాడు. "నూట పదకొండు జీవోల మీ భూమి ఉన్నది. ఇప్పుడమ్మితేనే నాలుగు పైసలొస్తయి" అన్నాడు. వారం తిరగకముందే ఇంకొకాయన వచ్చి "ఆ జీవో ఎప్పుడో పోయింది, ఇగ భయం లేదు" అన్నాడు. నాయన మాకు ఫోన్ చేసి, "బిడ్డా, మీరు సదువుకున్నోళ్లు గదా, ఏది నిజమో చెప్పుండ్రి" అని అడిగాడు. మా దగ్గర జవాబు లేదు. మేము కూడా ఆ జీవో గురించి విన్నవాళ్లమే కానీ చదివినవాళ్లం కాదు.

మొదటి పాఠం

మరునాడు లైబ్రరీకి వెళ్లి "నూట పదకొండు జీవో కావాలి" అని అడిగాం. అక్కడి పెద్దాయన నవ్వి, "ఏ శాఖది? ఏ సంవత్సరం?" అన్నారు. మేము నోరు వెళ్లబెట్టాం. అప్పుడు ఆయన విడమరచి చెప్పారు. ప్రతి శాఖ ప్రతి ఏడాదీ తన జీవోలకు ఒకటి నుంచి నెంబర్లు వేస్తుంది. రెవెన్యూ శాఖకు ఒక 111 ఉంటుంది, విద్యాశాఖకు ఒక 111 ఉంటుంది. వచ్చే ఏడు మళ్లీ ఉంటుంది. పైగా ఎమ్మెస్ అని ఒక వరుస, ఆర్టీ అని ఇంకొక వరుస. విధానాలకు సంబంధించినవి ఎక్కువగా ఎమ్మెస్ వరుసలో, రోజువారీ పనులవి ఆర్టీ వరుసలో వస్తాయి. కాబట్టి నెంబరు ఒక్కటే చెప్పడం అంటే, ఊరు పేరు చెప్పకుండా ఇంటి నెంబరు చెప్పడమే.

మరి మాకు శాఖ, తేదీ ఎట్లా తెలియాలి? "కోర్టు తీర్పుల పుస్తకాలు చూడండి. పేరుపడ్డ జీవో అయితే ఏదో ఒక తీర్పులో ఉంటుంది" అన్నారు ఆయన. ఆ సలహా పని చేసింది. జంట జలాశయాల దగ్గర పరిశ్రమ పెట్టే విషయంలో సుప్రీంకోర్టు 2000 డిసెంబరు 1న ఒక తీర్పు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలికీ ప్రొఫెసర్ ఎం.వి.నాయుడుకూ మధ్య నడిచిన కేసు అది. అందులో దొరికింది: జీవో ఎమ్మెస్ నెంబరు 111, పురపాలక పరిపాలన, పట్టణాభివృద్ధి శాఖ, తేదీ 8-3-1996.

ఒక కాగితం ఇంకో కాగితానికి దారి చూపుతుందని మాకు ఆరోజు తెలిసింది.

ఆ జీవోలో ఏమున్నది?

1908లో మూసీ వరద హైదరాబాదును ముంచిన తర్వాత కట్టినవి ఉస్మాన్ సాగర్ (1920), హిమాయత్ సాగర్ (1927). మన చేవెళ్ల, మొయినాబాద్ వైపు కురిసిన వాన వాగుల గుండా వాటిలోకే పోతుంది. ఆ నీరు పాడు కాకూడదని, నిండు నీటిమట్టం నుంచి 10 కిలోమీటర్ల లోపల కాలుష్యం కలిగించే పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు రాకూడదని ఆ జీవో చెప్పింది. వెనుక అనుబంధంలో 84 గ్రామాల పేర్లు ఉన్నాయి.

తర్వాత 2022 ఏప్రిల్ 12న అదే శాఖ 69వ నెంబరు జీవో ఇచ్చింది. పాత జీవోలోని మూడవ పేరా ఆంక్షలను తొలగిస్తున్నామని, అయితే జలాశయాల నీటి నాణ్యత దెబ్బతినకూడదని అందులో ఉంది. 2023 మే 18న రాష్ట్ర మంత్రివర్గం 111 జీవోను పూర్తిగా ఎత్తివేయాలని నిర్ణయించింది. పేపర్లలో పెద్ద అక్షరాలతో వచ్చింది ఈ సంగతే. కానీ మంత్రివర్గం నిర్ణయం వేరు, శాఖ ఇచ్చే జీవో వేరు. నిర్ణయం వార్త అవుతుంది, జీవో మాత్రమే ఉత్తర్వు అవుతుంది.

నాయనకు ఇదంతా ఫోన్లో చదివి వినిపించాం. ఆయన అంతా విని, "అంటే ఇద్దరూ కాయితం చూడకుండనే మాట్లాడిండ్రన్నట్టు" అన్నాడు. ఆ ఏడు భూమి అమ్మలేదు.

మన ఊరు ఆ 84 పేర్లలో ఉన్నదా అని మీరు అడగవచ్చు. అది మేము ఇక్కడ రాయం. అనుబంధం తెరిచి మీరే చూడండి. అదే మీకు మేమిచ్చే మొదటి లెక్క.

కేటలాగులో ఎట్లా వెదకాలి?

కథల పుస్తకం అయితే రచయిత పేరుతో వెదుకుతాం. ప్రభుత్వ ప్రచురణకు రచయిత ప్రభుత్వమే. కాబట్టి కేటలాగులో మొదట రాష్ట్రం లేక దేశం పేరు, దాని కింద శాఖ పేరు చూడాలి. ఇక్కడ మనకు ఒక చిక్కు ఉంది. మన ఊరు కదలలేదు గానీ ప్రభుత్వం పేరు మారింది. 1956 నవంబరు 1కి ముందువి హైదరాబాద్ రాష్ట్రం కింద, అప్పటి నుంచి 2014 జూన్ 2 దాకా ఆంధ్రప్రదేశ్ కింద, ఆ తర్వాతవి తెలంగాణ కింద ఉంటాయి.

జిల్లా సంగతీ అంతే. రంగారెడ్డి జిల్లా 1978లో ఏర్పడింది. కాబట్టి 1971 జనాభా లెక్కల్లో మన ఊరు కావాలంటే హైదరాబాద్ జిల్లా పుస్తకంలో చేవెళ్ల తాలూకా చూడాలి. 1981కి రంగారెడ్డి జిల్లా పుస్తకం. 1985లో మండలాలు వచ్చాయి గనుక 1991 నుంచి చేవెళ్ల మండలం కింద వెదకాలి.

ఈ పుస్తకాన్ని జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్ అంటారు. ఊరూరికీ జనాభా ఎంత, ఎస్సీలు, ఎస్టీలు ఎంతమంది, చదువు వచ్చినవాళ్లు ఎందరు, వ్యవసాయ కూలీలు ఎందరు, బడి, మంచినీళ్లు, రోడ్డు ఉన్నాయా అన్నీ అందులో ఉంటాయి. 2021లో జరగవలసిన లెక్కలు జరగలేదు, 2027కు పోయాయి. అందుకే ఇప్పటికీ అందరూ 2011 పుస్తకాన్నే చూస్తున్నారు. పాత హ్యాండ్‌బుక్కులు సెన్సస్ శాఖ వెబ్‌సైటులోనూ దొరుకుతాయి.

ఇంకో జాగ్రత్త. జనం పిలిచే పేరు వేరు, అట్ట మీది పేరు వేరు. మండల్ కమిషన్ నివేదిక అని మనం అంటాం. అట్ట మీద వెనుకబడిన తరగతుల కమిషన్ నివేదిక, 1980 అని ఉంటుంది. అసైన్డ్ భూముల చట్టం అంటాం. అది 1977లోని 9వ చట్టం. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లోని 33వ చట్టం. ఇట్లా ఏడాది, నెంబరు తెలిస్తే ఎక్కడైనా వెంటనే దొరుకుతుంది.

నోటుబుక్కులో ఈ అయిదు రాసుకోండి

1. ఏ ప్రభుత్వం? (కేంద్రమా, రాష్ట్రమా? ఆనాడు దాని పేరేమిటి?)
2. ఏ శాఖ లేక ఏ కమిషన్?
3. ఏ రకం? (చట్టం, జీవో, గెజిట్, నివేదిక, జనాభా లెక్కలు)
4. నెంబరు ఎంత?
5. తేదీ, సంవత్సరం ఏది?

అయిదూ తెలియకపోయినా ఫరవాలేదు. రెండు మూడు తెలిస్తే మిగతావి లైబ్రరీలోనే పట్టుకోవచ్చు. అడగడానికి సిగ్గుపడకండి. మొదటి రోజు మేము కూడా వాకిట్లోనే పావుగంట నిలబడ్డాం. అమెరికాలో ప్రభుత్వ ప్రచురణలను కొన్ని ఎంపిక చేసిన లైబ్రరీలకు ఉచితంగా పంపి, ఎవరు వచ్చినా చూడనివ్వాలని చట్టమే చేశారు. మన దగ్గర 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం, శాఖలు తమ సమాచారాన్ని అడగకముందే ప్రకటించాలని చెబుతున్నది. అంటే ఆ కాగితాలు ఆఫీసు సొత్తు కాదు. మనవే.

తమ్ముళ్లారా! మన హాస్టల్లో తినే అన్నానికి ఒక జీవో ఉంది. మన స్కాలర్‌షిప్పుకు ఒక జీవో ఉంది. మన అమ్మానాయనలు దున్నే చెలకకు ఒక చట్టం ఉంది. "అట్లనట", "ఇట్లనట" అనే మాటలతో మన పెద్దలు చాలా పోగొట్టుకున్నారు. ఎవరైనా మీ ముందు జీవో మాట ఎత్తితే, మర్యాదగా ఒక్క ప్రశ్న అడగండి: "ఏ శాఖది సార్, ఏ తేదీది?"

ఆ ఒక్క ప్రశ్నకు మాకు పీజీ దాకా పట్టింది. మీకు అంత ఆలస్యం కాకూడదని కోరుకుంటూ,

మీ పాత హాస్టల్ అన్నలు