బీరువాలోని పొరల రాయి

అమీర్‌పేట కూడలిలో నిలిచి నాలుగు దిక్కులూ చూచినవారికి శిలాజశాస్త్రం జ్ఞాపకం రావటానికి కారణమేమీ కనిపించదు. తలమీద మెట్రో రైలు, మైత్రీవనం పరిసరాలలో మేడమేడకూ కంప్యూటరు చదువుల బోర్డులు, పంజాగుట్ట వైపు బారులు తీరిన వాహనాలు. ఇదీ అక్కడి దృశ్యం. అయినా ఆ సందడికి రెండు వీధుల అవతల ఒక పాఠశాలలో, విజ్ఞానశాస్త్రపు గదిలోని బీరువా మూడవ అరలో, ఒక రాయి ఉన్నది. జానెడు పొడవు, బెత్తెడు మందం, బూడిదవన్నె. ఒక పక్కను నీటితో తడిపి చూస్తే, బోర్లించిన గిన్నెలను ఒకదానిపై ఒకటి పేర్చినట్లు సన్నని గీతలు వంపులు తిరిగి కనిపిస్తవి. దానిని అక్కడ పెట్టినది నేనే. ఇరవై యేళ్ళ క్రిందట విద్యార్థులతో కడప జిల్లాకు విహారయాత్ర వెళ్ళినపుడు తెచ్చి, “స్ట్రొమటోలైట్ శిలాజం, కడప జిల్లా” అని చీటీ అంటించి, ఏదో ఘనకార్యం చేసినట్లు సంతోషించాను.

మొన్న తొమ్మిదవ తరగతి బాలిక ఒకతె ఆ రాయిని అటూ యిటూ త్రిప్పి చూచి, “ఇందులో జంతువెక్కడున్నదండీ, మాస్టారూ?” అని అడిగింది.

“లేదమ్మా” అన్నాను. ఆమె ముఖం చిన్నబోయినది.

ఆ నిరాశ సహజమే. శిలాజమనగానే మనకు ఎముకో, గుల్లో, ఆకు ముద్రో తలపునకు వస్తుంది. నౌబత్ పహాడ్ మీది బిర్లా విజ్ఞాన కేంద్రంలో కోటసారస్ అనే రాక్షసబల్లి అస్థిపంజరాన్ని చూచివచ్చిన పిల్లలకు ఈ గీతల రాయి ఏపాటి? కాని స్ట్రొమటోలైట్ ఒక ప్రాణి శరీరం కాదు. ప్రాణులు కట్టిన ఇల్లు. పుట్టను చూచి చెదల ఉనికిని గ్రహించినట్లు, ఈ రాతిని చూచి దానిని కట్టినవారిని గ్రహించవలె.

కట్టినవారు కంటికి కనిపించని సూక్ష్మజీవులు. ఒకప్పుడు వీటిని నీలి ఆకుపచ్చ శైవలాలన్నారు. ఇప్పుడు సయానోబాక్టీరియా అంటున్నారు. లోతులేని వెచ్చని సముద్రపు అడుగున ఇవి జిగురుతో కూడిన పలుచని చాపవలె పరచుకుంటవి. నీటిలో కొట్టుకొనివచ్చే సున్నపు నలుసులు ఆ జిగురుకు అంటుకుంటవి. అవి ఎండ సహాయంతో ఆహారం తయారుచేసుకుంటూ నీటిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చివేయటంవల్ల, కరిగివున్న సున్నం కూడా అక్కడనే పేరుకొంటుంది. నలుసులు కప్పివేస్తే వెలుగు అందదు గనుక, జీవులు పైకి ప్రాకి మరియొక చాప పరుస్తవి. చాపమీద చాప, పొరమీద పొర. వెలుగుకోసం పైకి పోవు యత్నమే ఆ గిన్నెల ఆకారానికి మూలం. గ్రీకు భాషలో పొరకు, పరుపుకు ఉన్న మాటను, రాయికి ఉన్న మాటతో జోడించి 1908లో జర్మనీ శాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ కాల్కోవ్‌స్కీ ఈ రాళ్ళకు పేరు పెట్టినాడు.

ఈ జీవులు ఇప్పటికీ పని మానలేదు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని షార్క్ అఖాతంలో, హామెలిన్ పూల్ అనే చోట నీరు మామూలు సముద్రానికి రెండింతలు ఉప్పన. చాపలను మేసే నత్తలు ఆ ఉప్పుకు తాళలేవు. అందుచేత అక్కడ స్ట్రొమటోలైట్లు నేటికీ పెరుగుతున్నవి. ఆ పెరుగుదల ఏడాదికి మిల్లీమీటరులో సుమారు మూడవ వంతు. పూర్వకాలంలోనూ ఇదే లెక్క అని చెప్పజాలము గాని, ఆ చొప్పున చూస్తే నా బెత్తెడు రాయికి దాదాపు రెండువందల యేళ్ళు పట్టివుండును! తరగతిలో ఈ లెక్క వేయించితే పిల్లలు వేళ్ళతో రాతిని మరొకసారి కొలిచి చూచినారు.

ఇక మన కడప. పడమటికి వంపు తిరిగిన నెలవంకవలె సుమారు 44,000 చదరపు కిలోమీటర్ల మేర పరచుకొన్న ప్రాచీన శిలాప్రాంతమిది. భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన విలియం కింగ్ దీనిని తిరిగి చూచి, 1872లో పెద్ద గ్రంథం ప్రకటించినాడు. పాపఘ్ని ఒడ్డున వేంపల్లె పేరుతో పిలువబడే డోలమైట్ శిలల వరుసలో స్ట్రొమటోలైట్లు విస్తారంగా ఉన్నవి. తుమ్మలపల్లెలో యురేనియం ఖనిజం దొరికినది ఈ వరుసలోనే. దీనికి పైన తాడిపత్రి వరుస. అందులోకి చొచ్చుకువచ్చిన అగ్నిశిల వయస్సు 188 కోట్ల యేళ్ళకు పైగా తేలినది గనుక, క్రిందనున్న వేంపల్లె రాళ్ళు అంతకంటె పెద్దవి. అప్పటికి నేలమీద చెట్టు లేదు, నీటిలో చేప లేదు. ఆ కాలానికి ఎంతో ముందే, దాదాపు 240 కోట్ల యేళ్ళ క్రిందట, గాలిలో ప్రాణవాయువు చెప్పుకోదగినంతగా చేరటం మొదలైనది ఈ జాతి జీవుల శ్రమవల్లనే.

కట్టినవారి శరీరాలు దొరకనే దొరకవా? సాధారణంగా దొరకవు. డోలమైట్ ఏర్పడేటప్పుడు చెదరిపోతవి. డోలమైట్‌లో అక్కడక్కడ చెకుముకిరాతి పట్టెలుంటవి. ఆ గట్టిరాతిలో చిక్కినవి మాత్రం నిలుస్తవి. 1978లో అమెరికా శాస్త్రజ్ఞుడు షాఫ్, మన దేశీయుడు కె. ఎన్. ప్రసాద్ వేంపల్లె స్ట్రొమటోలైట్లలో అట్టి సూక్ష్మశిలాజాలు ఉన్నట్లు ప్రకటించినారు.

“అయితే మన వీధిలో వెదుకుతామండీ” అన్నారు పిల్లలు. వెదకండి అన్నాను. వారము తిరిగేసరికి బల్లమీద కుప్ప పోసినారు. పాత ఇళ్ళు పడగొట్టి అపార్టుమెంట్లు కడుతున్న రోజులు గదా, రాళ్ళకు కొదువ లేదు.

పంజాగుట్ట దాటి బంజారా కొండల వాలునుంచి ఒక కుర్రవాడు వంకర పెచ్చు తెచ్చినాడు. పొరలున్నవి, వంపూ ఉన్నది. కాని అది నల్లరాయి. హైదరాబాదు నేల అంతా సుమారు 250 కోట్ల యేళ్ళనాటి గ్రానైటు. భూగర్భంలో కరగి గడ్డకట్టిన ఆ రాతిలో ప్రాణి జాడ ఉండదు. ఎండా వానలకు గుండు ఉల్లిపాయవలె పెచ్చులూడటంవల్ల వచ్చిన వంపు అది. మరియొకరు ఇంటి చపటానుంచి ఊడిన నాపరాతి ముక్క తెచ్చినారు. దానిమీద నల్లని ఫెరను మొక్క అచ్చుగుద్దినట్లున్నది. తరగతి అంతా హర్షధ్వానం చేసినది. పాపం, అదీ శిలాజం కాదు. మాంగనీసు కలిసిన నీరు పొరల సందున ప్రాకి, కొమ్మలు కొమ్మలుగా గడ్డకట్టినది. పెద్దలే దీనికి మోసపోతారు.

నాపరాయి సున్నపురాయే గనుక, ప్రయోగశాలలోని పలుచని ఉదజహరికామ్లం ఒక చుక్క వేస్తే బుసబుస పొంగినది. బీరువా రాతిమీద చుక్క వేస్తే ఊరకున్నది; చాకుతో గీకి పొడిచేసి వేస్తే మెల్లగా బుడగలు వచ్చినవి. డోలమైట్ లక్షణమది. ఆమ్లపు సీసా ఉపాధ్యాయుని చేతిలోనే ఉండవలెనని వేరే చెప్పనక్కరలేదు.

అప్పుడు ఆ బాలికే రెండవ ప్రశ్న వేసినది. “దీనికి ఏ వైపు పైది, ఇది కడప జిల్లాలో ఎక్కడిదండీ?”

మొదటిదానికి జవాబు రాతిలోనే ఉన్నది. గిన్నెల ఉబ్బు సాధారణంగా పైకి ఉంటుంది. ఇన్నాళ్ళూ బీరువాలో నేను దానిని తలక్రిందులుగా ఉంచినాను! రెండవదానికి జవాబు లేదు. ఆనాడు వేంపల్లెనుంచి పులివెందుల మీదుగా పోతూ నాలుగైదు చోట్ల దిగినాము. వేంపల్లె వరుసలోనూ స్ట్రొమటోలైట్లున్నవి, తాడిపత్రి వరుసలోనూ ఉన్నవి. ఇది ఏ వరుసదో నేనే చెప్పలేను. గిన్నెలు ఎంత దూరాన ఒకటి ఉన్నవి, ఏ దిక్కుకు సాగివున్నవి అన్నదానినిబట్టి ఆ సముద్రంలో నీటి పోకడను ఊహించవచ్చును. అవన్నీ గట్టుమీద చదువుకోవలసిన సంగతులు. నేను సుత్తితో ఒక అక్షరం ఊడదీసి తెచ్చి, పుస్తకం తెచ్చినాననుకున్నాను.

ఈసారి యాత్రకు నియమాలు పిల్లలే వ్రాసుకున్నారు. గట్టులోని రాతిని సుత్తి తాకరాదు. వాలులో విడిగా పడివున్న ముక్కలనే ఎత్తవలె. ఎత్తకముందే పక్కన కొలబద్ద పెట్టి ఫొటో తీయవలె, బొమ్మ గీయవలె. ఊరు, వాగు, దారి, ఫోను చూపే అక్షాంశ రేఖాంశాలు అక్కడికక్కడే నోటుపుస్తకంలో ఎక్కవలె. సంఖ్యను రాతిమీదనే రంగుతో వ్రాయవలె, కాగితపు చీటీ ఊడిపోతుంది గనుక. రాజస్థాన్‌లోని భోజుండా, ఝామర్‌కోట్రా స్ట్రొమటోలైట్లను జాతీయ భూవైజ్ఞానిక స్మారకాలుగా ప్రకటించినారని చెప్పితే, అట్టి చోట విడి ముక్కను కూడా తాకరాదని ఒక పంక్తి చేర్చినారు.

బీరువా రాతికి క్రొత్త చీటీ ఆ బాలికే వ్రాసినది: “స్ట్రొమటోలైట్, డోలమైట్. కడప జిల్లా. చోటు నమోదు కాలేదు.” రాతిని సరిగా త్రిప్పి నిలిపి, సుద్దముక్కతో పైకి ఒక బాణం గీసినది.