ముసలికుక్క మెడమీఁది పులిపిరి

మా యింటి కుక్కకుఁ బండ్రెండేండ్లు నిండినవి. నిరుడు దాని మెడపై సెనగగింజంత పులిపిరి యొకటి లేచెను. వెండ్రుకతో బిగించి కట్టుఁడని యొకరు, సున్నము రాయుఁడని యొకరు చెప్పిరి. అట్టి పనులవలనఁ బుండు పడి చీము పట్టును గనుక మేము వాని జోలికిఁ బోమైతిమి.

పశువైద్యుఁడు సూదితోఁ గొంత తీసి, సూక్ష్మదర్శినిలోఁ జూచి, యిది చర్మమందలి నూనెగ్రంథులు పెరుగుటచేఁ గలిగినదనియు, హాని లేదనియుఁ జెప్పెను. కంటిచూపుతోనే యిట్లు నిశ్చయింపరాదు. చెడుకంతియుఁ గొన్నియెడల నిట్లే కానవచ్చును.

ఐనను పులిపిరినుండి యప్పుడప్పుడు నెత్తురు కాఱుచుండెను. కోయింపవలెనా, మానవలెనా? కుక్కకు గుండెబలము తక్కువ. మత్తుమం దిచ్చుట ప్రమాదమని వైద్యుఁడే యనెను. పరికింపఁగా మెడపట్టెడ యొరయుటయే నెత్తురునకుఁ గారణము. దానిని దీసివేసి, ఱొమ్ముచుట్టును మెత్తని గుడ్డపట్టీ కట్టితిమి. గాయము మానెను.

ఇప్పుడు నెల కొకమాఱు పులిపిరిని గొలిచి, తేదితో వ్రాసికొనుచున్నాము. అది త్వరగాఁ బెరిగినను, రంగు మాఱినను, మరల నెత్తురు కాఱినను వెంటనే వైద్యునికిఁ జూపుదుము. అంతవఱకు నా ముసలిప్రాణినిఁ గత్తి కప్పగింప మాకు మనసొప్పదు.